పాకే బిడ్డకు అంచు దగ్గర ఆగడం నేర్పడం

మంచం మీంచి పడే బిడ్డకు లోతు కనిపించదనుకుంటాం. కనిపిస్తుంది. రెండు కళ్లతో చూసి దూరాన్ని పసిగట్టడం 4–5 నెలలకే వస్తుంది. రానిది భయం, అది పాకడం మొదలై కొన్ని వారాలు గడిచాక గానీ రాదు. అందుకే కొత్తగా పాకే బిడ్డను మంచం మీద ఒంటరిగా వదలొద్దు. చుట్టూ దిండ్లు పేర్చినా ఎక్కి అవతల పడతారు.

భయం వచ్చాక మీ ముఖం పనిచేస్తుంది. 1985లో అమెరికాలో ఏడాది పిల్లలను గాజు పరిచిన బల్ల మీద పాకించారు. గాజు కింద 30 సెంటీమీటర్ల లోతు కనిపిస్తుంది. అవతల తల్లి నవ్వుతుంటే 19 మందిలో 14 మంది దాటారు. భయపడ్డ ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. లోతే లేనిచోట తల్లి వైపు చూసినవాళ్లే తక్కువ. అంటే అనుమానం వచ్చినప్పుడే బిడ్డ మిమ్మల్ని అడుగుతుంది.

ఇంట్లో ఇలా చేయండి. పరుపును నేల మీద వేయండి, ఎత్తు 10–15 సెంటీమీటర్లు మించకూడదు. పక్కన బొంత పరవండి. చెయ్యి అందేంత దూరంలో ఎదురుగా కూర్చోండి. బిడ్డ అంచు దాకా వచ్చేవరకూ మాట్లాడొద్దు. ఆగి, తలెత్తి మీ కేసి చూసిన క్షణమే అసలు సమయం. దిగనివ్వాలంటే నవ్వి "రా నాన్నా" అనండి. వద్దంటే కళ్లు పెద్దవి చేసి, గట్టిగా ఒక్కసారే "అమ్మో, వద్దు" అనండి. ముఖానికి గొంతు తోడైతే ఇంకా బాగా పనిచేస్తుంది. బోర్లా తిప్పి, కాళ్లు ముందు కిందికి జారేలా దింపడం కూడా అప్పుడే అలవాటు చేయండి. కాలివేళ్లు నేలకు తగిలేదాకా నడుము పట్టుకోండి.

చెడేది ఎక్కడంటే, మీరు "వద్దు" అంటుంటే పక్కన నానమ్మ ముద్దొచ్చి నవ్వేస్తుంది. ఎవరిని నమ్మాలో తెలియక బిడ్డ తికమకపడుతుంది. చీమకూ గిన్నెకూ "అమ్మో" అన్నా అంతే, అంచు దగ్గర ఆ మాటకు విలువుండదు.

ఇంకో చిక్కుంది. పాకేటప్పుడు నేర్చిన జాగ్రత్త నడకకు రాదు. అంచు దగ్గర ఆగే బిడ్డే నడక మొదలెట్టగానే నేరుగా అడుగేసేస్తుంది. పరుపు ఆట మళ్లీ మొదటినుంచీ ఆడించాలి. మెట్ల దగ్గర మాత్రం ముఖాన్ని నమ్ముకోవద్దు, పైనా కిందా గేటు పెట్టించండి.