బేస్ గిటార్ ఎలా నేర్చుకోవాలి? ముందు స్వరం ఆపడం నేర్చుకోండి

పోయిన వేసవిలో ఒక కుర్రాడు కొత్త బేస్ గిటార్ పట్టుకుని ఒడిశాలోని బరంపురంలో మా ఇంటికి వచ్చాడు. సినిమా పాట ఒకటి వాయించి చూపించాడు. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, వేళ్లలో వేగమూ ఉంది. అయినా పాట బురదలో నడుస్తున్నట్టు వినిపించింది. మొదటి స్వరం ఇంకా మోగుతుండగానే రెండోది, దాని మీద మూడోది వచ్చి పడుతున్నాయి. మళ్లీ వాయించమని, ఒక్కో స్వరం వంతు అయిపోగానే నా అరచేత్తో అతని తీగలు మూస్తూ వచ్చాను. "బాబాయ్, ఇప్పుడు పాటలా ఉంది" అన్నాడు.

నేను ఉద్యోగం చేసుకుంటూనే 22 ఏళ్లుగా బేస్ వాయిస్తున్నాను. పెళ్లి రిసెప్షన్లు, చవితి పందిళ్లు, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి యాత్ర రోజుల్లో మెలోడీలు. ఒడిశాలో ఆర్కెస్ట్రా కార్యక్రమాన్ని మెలోడీ అనే అంటారు. ఒకే రాత్రి ఒడియా పాట, తెలుగు పాట, హిందీ పాట వరసగా వస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే క్రమం ఇది.

1. వాయిద్యం ఎంచుకోండి

నాలుగు తీగల బేస్ చాలు. మామూలు బేస్‌లో తీగ మోగే పొడవు 34 అంగుళాలు. పిల్లలకు, చేతులు చిన్నగా ఉన్నవాళ్లకు 30 అంగుళాలది హాయిగా ఉంటుంది. పాతది కొంటున్నారా? బాడీ వైపు నుంచి ఒక కన్ను మూసి, నెక్ (తీగలు నొక్కే పొడవాటి చెక్క) వెంబడి చూడండి, మెలి తిరిగి ఉంటే వదిలేయండి. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గరా నొక్కి మీటి, ఎక్కడైనా జరజరమంటోందేమో వినండి. బరువు కూడా చూసుకోండి. దాదాపు 4 కిలోలు మూడు గంటలపాటు ఒకే భుజం మీద ఉంటుంది. వెడల్పాటి పట్టీ కొనడానికి వెనకాడొద్దు.

మామూలు గిటార్ యాంప్లిఫైయర్‌లో బేస్ గుచ్చి సౌండ్ పెంచితే దాని స్పీకర్ పాడయ్యే ప్రమాదముంది. మొదటి ఏడాది ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తో సాధన చేస్తే సరిపోతుంది.

2. శ్రుతి చేయండి

లావు తీగ నుంచి సన్న తీగ వరకు వరస ఇ, ఎ, డి, జి. ఇ తీగ సుమారు 41 హెర్ట్జ్‌లో మోగుతుంది, తర్వాతవి 55, 73, 98. ఇంత కింది స్వరాన్ని ఫోన్‌లోని ట్యూనర్ చాలాసార్లు పట్టుకోలేదు, ముల్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. అప్పుడు 12వ ఫ్రెట్ పైన తీగను నొక్కకుండా, వేలు తాకీ తాకనట్టు ఆనించి మీటండి. పై స్థాయి స్వరం గంటలా పలుకుతుంది, ముల్లు నిలబడుతుంది.

ఫోన్ స్పీకర్‌లో పాట వింటూ బేస్ నేర్చుకోవాలని చూడకండి. ఆ చిన్న స్పీకర్ అడుగు స్వరాలను వినిపించదు. మీరు విన్నామనుకున్నదాంట్లో సగం ఊహే అవుతుంది.

3. కుడిచెయ్యి

బొటనవేలు పికప్ (తీగల కంపనాన్ని పట్టే భాగం) మీద ఆనించి, చూపుడు వేలు, నడిమి వేలు ఒకదాని తర్వాత ఒకటి మీటాలి. మీటిన వేలు పక్క తీగ మీదకు వెళ్లి ఆగాలి. బలంగా లాగొద్దు, గట్టి శబ్దం కావాలంటే అందుకు వాల్యూమ్ ఉంది. రెండు వేళ్లూ ఇంకా కలిసి రావడం లేదని దిగులు పడేవాళ్లకు ఒక మాట. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడు వేలితోనే మీటేవారు.

ఎడమచేతి వేలు ఫ్రెట్‌కి సరిగ్గా వెనక పడాలి. అమెరికాలో గిటార్లు తయారుచేసిన లియో ఫెండర్ 1951లో తెచ్చిన బేస్‌కి ప్రెసిషన్ అని పేరు పెట్టింది ఈ ఫ్రెట్ల వల్లే. అవి ఉంటే స్వరం కచ్చితంగా పలుకుతుంది. ఫ్రెట్‌కి దగ్గరగా నొక్కితే తక్కువ బలం చాలు, వేళ్లు తొందరగా అలసిపోవు.

4. ఆపడం

ఇక్కడ తొందరపడకండి. నెల పట్టినా పట్టనివ్వండి.

స్వరం ఆపడానికి ఎడమచేతి వేలిని తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తకూడదు. నొక్కు మాత్రం వదలాలి, వేలు తీగను తాకుతూనే ఉండాలి. అప్పుడు శబ్దం చప్పున ఆగుతుంది. పూర్తిగా ఎత్తేస్తే ఖాళీ తీగ మోగి పాటలో అక్కర్లేని స్వరం చేరుతుంది. మీరు సన్న తీగలకు దిగినప్పుడు పైనున్న లావు తీగలు వాటంతటవే కంపిస్తుంటాయి. కుడి బొటనవేలిని పికప్ మీదే ఉంచకుండా ఆ తీగల మీదకు జరుపుతూ వాటిని మూయండి.

సాధన ఇలా చేయండి. మెట్రోనోమ్ (లయ చప్పుడు చేసే సాధనం) 60లో పెట్టండి, అంటే నిమిషానికి 60 దెబ్బలు. మా జట్టులో లెక్క ఒడియాలోనే నడుస్తుంది: ఏక, దుయి, తిని, చారి. ఏక దగ్గర మీటి, సరిగ్గా చారి దగ్గర ఆపండి. రెండు నిమిషాల తర్వాత తిని దగ్గర, ఆ తర్వాత దుయి దగ్గర ఆపండి. చివరికి ఏకకీ దుయికీ నడుమ ఆపండి. స్వరం ఒక్కటే, మీటే చోటూ ఒక్కటే. పొడవు మారిన కొద్దీ పాట నడక ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది. పది నిమిషాలు చాలు, కానీ ఒక్క రోజూ మానొద్దు.

నాకిది ఆరేళ్లకు గానీ తెలియలేదు. మా జట్టులో ఒక పెద్దాయన డోలక్ వాయించేవారు. ఒక పెళ్లిలో పాట అయ్యాక నా పక్కకు వచ్చి మెల్లగా అన్నారు: "నువ్వు కొంచెం సందు ఇస్తే నా ఎడమచెయ్యి ఇనబడతాది బాబూ." డోలక్ ఎడమ మొహం, తబలాలోని డగ్గా మోగేది బేస్ ఉండే అడుగు చోటులోనే. ఆయన ఘుమ్మని సాగదీసిన దెబ్బను నా స్వరం ప్రతిసారీ మింగేస్తోంది. మరునాటి నుంచి ఆయన ఎడమచెయ్యి చూస్తూ వాయించడం మొదలుపెట్టాను. ఆయన సాగదీసిన చోట నేను చిన్నగా తెంపాను, ఆయన పొడిగా కొట్టిన చోట నేను సాగాను. అన్నేళ్లలో మొదటిసారి మా ఇద్దరి శబ్దమూ ఒకే వాయిద్యంలా వినిపించింది. ఆయనిప్పుడు లేరు. వేదిక ఎక్కితే ఇప్పటికీ డోలక్ మనిషి చెయ్యి కనబడే చోటే నిలబడతాను.

5. స, ప, పై స

ఇ తీగ మీదో ఎ తీగ మీదో ఒక స్వరం పట్టుకోండి, అది స అనుకోండి. దాని పక్క సన్న తీగ మీద రెండు ఫ్రెట్లు ముందుకు వెళితే ప. ఇంకో తీగ దాటి, అదే ఫ్రెట్ దగ్గర పై స. ఈ మూడింటితో సగం రాత్రి కార్యక్రమం గడిచిపోతుంది. గొంతు పట్టేసి గాయని అర మెట్టు కిందికి అడిగితే, చెయ్యి మొత్తం ఒక ఫ్రెట్ వెనక్కి జరిపితే చాలు. అందుకే మొదటి నుంచీ ఖాళీ తీగల మీద ఆధారపడకుండా ఈ ఆకారాన్ని అలవాటు చేసుకోండి.

గాంధారం జోలికి తొందరగా వెళ్లకండి. పాటలో ఉన్నది ఏ గాంధారమో తేలకుండా వాయిస్తే, కీబోర్డు మీద కలిపి నొక్కే స్వరాలతో (కార్డ్) పొసగక పాటంతా తప్పుగా వినిపిస్తుంది.

6. పందిట్లో కరెంటు

మన కరెంటు 50 హెర్ట్జ్. ఇ తీగ మూడో ఫ్రెట్ స్వరం 49. ఎర్తింగ్ సరిగా లేని పందిట్లో స్పీకర్ నుంచి వచ్చే హుమ్ శబ్దం ఆ స్వరానికి ఆనుకునే ఉంటుంది. దాని మీద పాట మొదలుపెడితే శ్రుతి తప్పినట్టనిపిస్తుంది. పాట మొదలయ్యే ముందే సౌండ్ అబ్బాయికి చెప్పి వైర్లు, ప్లగ్గులు సరిచేయించండి. తీగల మీద చెయ్యి ఉండగా మైకు తాకినప్పుడు జివ్వుమంటే వెంటనే దూరం జరగండి. ఎర్తింగ్ సరిచేసేదాకా వాయించొద్దు. వాన పడిన రోజున దీని గురించి మొహమాటపడకండి, నిర్వాహకులు కోప్పడినా సరే.

చెవుల్లో స్పాంజి ప్లగ్గులు పెట్టుకోండి. డ్రమ్స్ తాళాలకు (సింబల్స్), పెద్ద స్పీకర్లకు ఎదురుగా నిలబడకండి.

7. ఉప్పు గాలి

గోపాల్‌పూర్ సముద్రం మాకు దగ్గరే, ఆ గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించాక ప్రతి తీగనూ పొడి గుడ్డతో అడుగు వైపు కూడా తుడవండి. వానాకాలంలో నెక్ కొంచెం వంగొచ్చు. ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండే, వంపు సరిచేసే కడ్డీ) ఒకేసారి పావు చుట్టు మించి తిప్పకండి, తిప్పాక ఒక రోజు ఆగి చూడండి. గిటార్‌ను ఎండలో ఆగిన ఆటోలో వదలొద్దు.

8. మొదటిసారి వేదిక మీద

మూడు పాటలే ఒప్పుకోండి. కొత్త విన్యాసాలు ఆ రోజు ప్రయత్నించకండి. మొదలు కంటే ముగింపును ఎక్కువసార్లు సాధన చేయండి, ఎందుకంటే కొత్త జట్టు తడబడేది అక్కడే. ఆఖరి చరణంలోకి రాగానే ఫ్రెట్ల మీద నుంచి చూపు తీసి గాయకుడి వైపు తిప్పండి. ఆయన చెయ్యి పైకి లేస్తుంది, డోలక్ చివరి దెబ్బ పడుతుంది. మీ అరచెయ్యి నాలుగు తీగల మీదా వాలాల్సింది ఆ దెబ్బతోనే.