మన కంప్యూటర్ మనమే కొనుక్కుందాం – 3వ పాఠం: ఇంచులు ఎన్ని, చుక్కలు ఎన్ని?

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను, ఇంట్లో టీవీ స్క్రీను టేపుతో కొలవమని. కొలిచారా? లేదంటే ఇప్పుడు లేచి కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తెచ్చుకోండి, ఈ పాఠం టేపు చేతిలో లేకుండా ఎక్కదు.

అడ్డంగా కొలిచినవాళ్లకి 32 ఇంచుల టీవీ 28 ఇంచులే వచ్చి ఉంటుంది. కంగారు పడి షాపుకి ఫోన్ చెయ్యకండి. స్క్రీను సైజు అంటే ఐమూలగా, ఒక మూల నుంచి ఎదుటి మూలకి, అదీ చుట్టూ ఉన్న ఫ్రేము వదిలేసి వెలిగే భాగం మటుకే. అట్టపెట్టె మీద సెంటీమీటర్లు పెద్దగా వేస్తారు, 80 అనో 108 అనో, దాన్ని 2.54తో భాగిస్తే ఇంచులు వస్తాయి, కాస్త అటూ ఇటూగా.

ఐమూల కొలతలో ఒక తిరకాసు ఉంది. 32 నుంచి 43కి వెళ్తే పెరిగింది 11 ఇంచులే అనిపిస్తుంది గానీ స్క్రీను విస్తీర్ణం 1.8 రెట్లు అవుతుంది. దీనికి రివర్సు కూడా ఉంది. పాత డబ్బా టీవీ 21 ఇంచులది తీసేసి 24 ఇంచుల ఎల్‌ఈడీ పెట్టుకున్న ఇళ్లలో "కొత్తది చిన్నగా ఉందేటి" అని పెద్దవాళ్లు అంటుంటే పిల్లలు నవ్వేవారు. ఎత్తు వరకు చూస్తే పెద్దవాళ్లదే రైటు. పాత టీవీ ఆకారం 4:3, కొత్తది 16:9, వెడల్పుకే ఇంచులన్నీ పోయి ఎత్తు 12 ఇంచుల లోపే మిగిలింది.

ఇంక అసలు విషయం. పొందూరు ఖద్దరు చూసే ఉంటారు కదా, 100 కౌంట్ నూలు పంచె, మామూలు నేత పంచె పక్కపక్కన పెడితే రెండూ అదే పొడవు, అదే వెడల్పు, కానీ వేలితో తాకితే తెలిసిపోతుంది ఏది సన్నమో ఏది ముతకో. స్క్రీనుకి ఇంచులంటే పంచె కొలత, రిజల్యూషన్ అంటే మొత్తం పోగులు. 1366×768 అని ఉంటే అడ్డంగా 1366 చుక్కలు, నిలువుగా 768 వరసలు, మొత్తం పది లక్షల పైచిలుకు, టీవీల్లో దీన్నే హెచ్‌డీ రెడీ అంటారు. ఈ చుక్కల్నే పిక్సెళ్లంటారు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080, ఇరవై లక్షల పైన. 4కే అంటే 3840×2160, అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. 720, 1080 అన్నన్నాళ్లూ నిలువు లెక్క చెప్పి, 4కే దగ్గరకొచ్చేసరికి అడ్డం లెక్కకి మార్చేశారు, 2160 కన్నా 4000 అంటే గొప్పగా వినబడుతుంది మరి.

మనకి కావలసింది మాత్రం ఇంచుకి ఎన్ని పోగులు అన్నది. దీనికి పెద్ద లెక్కలేం వద్దు, స్క్రీను వెడల్పు ఇంచుల్లో కొలిచి, అడ్డం పిక్సెళ్లని దాంతో భాగించండి. 24 ఇంచుల ఫుల్ హెచ్‌డీ మానిటర్ వెడల్పు దాదాపు 21, 1920ని భాగిస్తే 92 దగ్గర. 32 ఇంచుల హెచ్‌డీ రెడీ టీవీ వెడల్పు 28, 1366ని భాగిస్తే 49. ఈ 49ని గుర్తు పెట్టుకోండి.

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్‌కి దగ్గర్లో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్న మా మేనల్లుడు మానిటర్ కొంటానంటే, అదే డబ్బుకి 32 ఇంచుల టీవీ వస్తుంది, పెద్దది కొనుక్కోరా, క్లాసులూ వినొచ్చు క్రికెట్టూ చూడొచ్చు అని సలహా ఇచ్చిన మేధావిని నేనే. పది రోజులకి ఫోను. "ఏటి మావయ్యా, అక్షరాలు ముతగ్గా ఉన్నాయి, పీడీఎఫ్ గంటసేపు చదివితే కళ్లు లాగేస్తన్నాయి, టీవీలోనే ఏదైనా తేడా ఉందంటావా?"

విజయనగరం కాంప్లెక్స్‌లో బస్సెక్కి వెళ్లి చూశాను. టీవీ టేబుల్ మీద ఉంది, వాడి ముక్కుకి రెండడుగుల దూరంలో. దానికి తగిలించిన కంప్యూటర్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే 1920×1080 అని ఉంది. "ఫుల్ హెచ్‌డీయే కదా చూపిస్తంది" అన్నాడు. మంచం కింద నుంచి అట్టపెట్టె లాగి, పక్కన చిన్నక్షరాల్లో ఉన్న పట్టిక వెతికితే 1366×768. షాపులో అమ్మినాయన "ఫుల్ హెచ్‌డీ సపోర్ట్ చేస్తది" అన్నాడట. అబద్ధం కాదు. బయట నుంచి వచ్చే ఫుల్ హెచ్‌డీ బొమ్మని టీవీ తీసుకుంటుంది, తీసుకుని తన 1366 చుక్కల్లో కుక్కుతుంది. సుమారు 1.4 చుక్కలు ఒక్క చుక్కలో ఇరకాలి, కాబట్టి ఒకే లైనులో ఒక అక్షరం గీత నల్లగా నిటారుగా ఉంటే పక్కదాని గీత బూడిద రంగులో అలికినట్టు ఉంటుంది. సినిమా చూస్తే ఇది తెలీదు, అక్షరాలు చదివేటప్పుడు ప్రాణం తీస్తుంది.

సెట్టింగ్స్‌లో 1366×768కి మార్చాను. అక్షరాలు తేరుకున్నాయి గానీ లావుగా అయిపోయాయి. విండోస్ మామూలుగా ఇంచుకి 96 చుక్కలు ఉంటాయనుకుని అక్షరాలు గీస్తుంది, మన దగ్గర ఉన్నవి 49, అంటే ప్రతి అక్షరం రెట్టింపు సైజు, రెట్టింపు ముతక. ఎక్సెల్ తెరిస్తే స్క్రీనేమో ఇంత పెద్దది, దాని పక్కన 24 ఇంచుల ఫుల్ హెచ్‌డీ మానిటర్ పెడితే అందులోనే ఎక్కువ గడులు పడతాయి.

అయితే అదే టీవీని గోడకి ఎక్కించి, మంచం మీద కూర్చుని ఆరడుగుల నుంచి చూస్తే బొమ్మ చక్కగా ఉంది! ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు దాకా రెండు చుక్కల్ని విడివిడిగా పోల్చుకోగలదు, దూరం పెరిగేకొద్దీ అవి కలిసిపోతాయి. ఆ లెక్కని వంటింటి కొలతలోకి దించితే ఇలా వస్తుంది: హెచ్‌డీ రెడీ టీవీ అయితే ఐమూల సైజుకి రెండుంపావు రెట్ల దూరం కన్నా వెనక కూర్చుంటే చుక్కలు తెలీవు, ఫుల్ హెచ్‌డీకి ఒకటిన్నర రెట్లు చాలు, 4కే అయితే ముప్పావు. 43 ఇంచుల 4కే టీవీ అంటే మూడడుగుల లోపే. ఎనిమిదడుగుల దూరంలో సోఫా ఉన్న హాల్లో 43 ఇంచులకి ఫుల్ హెచ్‌డీయా 4కేనా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, చుక్కల వరకు అయితే మీ కంటికి రెండూ ఒకటే. ఈమధ్య ఆ సైజులో ఎటూ 4కేలే ఎక్కువ వస్తున్నాయి, వస్తే వద్దనకండి, దాని కోసం అదనంగా పొయ్యకండి.

ఈ లెక్కన 24 ఇంచుల మానిటర్‌కి కూడా మూడడుగులు కావాలి, మనమేమో రెండడుగుల్లో కూర్చుంటాం. నిజమే, పట్టిపట్టి చూస్తే చుక్కలు కనిపిస్తాయి. అయినా 92 అన్నది విండోస్ అనుకునే 96కి దగ్గర కాబట్టి అక్షరాల సైజు ఏమీ మార్చకుండా కుదురుగా ఉంటుంది, డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకి నేను ఇదే చెప్తాను. కాస్త పెట్టగలిగితే 27 ఇంచుల 2560×1440, ఇంచుకి 109 వస్తుంది, రోజంతా చదివే కళ్లకి హాయి. 27లో ఫుల్ హెచ్‌డీ వద్దు, 82కి పడిపోతుంది. 24లో 4కే కొంటే 184, చీమ తలకాయంత అక్షరాలు, స్కేలింగ్, అంటే అక్షరాలూ బొమ్మలూ పెద్దవి చేసే సెట్టింగ్, రెండింతలు పెట్టుకోవాల్సిందే.

టీవీనే మానిటర్‌గా వాడేవాళ్లకి ఇంకొకటి. కింద టాస్క్‌బార్ సగం తెగిపోయి కనిపిస్తే టీవీ బొమ్మని కొంచెం సాగదీసి అంచులు కోసేస్తోందని. రిమోట్‌తో పిక్చర్ సైజులోకి వెళ్లి స్క్రీన్ ఫిట్ అనో జస్ట్ స్కాన్ అనో ఉన్నది పెట్టండి.

మా వాడి టీవీ ఇప్పుడు గోడ మీదుంది, టేబుల్ మీదకి 24 ఇంచులది వచ్చింది, ఆ డబ్బులో సగం నా జేబులోంచే పోయింది, సలహా ఇచ్చినందుకు.

ఈ వారం పని: మీ ఇంట్లో ఉన్న ప్రతి స్క్రీనుకి, ఫోను వదిలేసి, నాలుగు అంకెలు కాగితం మీద రాయండి. ఐమూల ఇంచులు, అడ్డం పిక్సెళ్లు, ఇంచుకి ఎన్ని, మీ కంటి నుంచి ఎంత దూరం. పిక్సెళ్ల అంకె సెట్టింగ్స్ చూసి కాదు, అట్టపెట్టె మీదో మాన్యువల్లోనో చూసి రాయాలి. ఆ కాగితం పారెయ్యకండి, 4కే మానిటర్ కొన్నా కంప్యూటర్‌లోని పాత హెచ్‌డీఎమ్ఐ పోర్టుకి తగిలిస్తే మౌసు బాణం ఎందుకు ఈడ్చుకుంటూ నడుస్తుందో 4వ పాఠంలో దాంతోనే మొదలుపెడతాం.