రాక్ బ్యాండ్ వరల్డ్ టూర్ చూడ్డానికి విమానం ఎక్కుతున్నారా? ముందు ఇది చదవండి

షో టికెట్ కన్ఫర్మ్ అయ్యాక వచ్చే మొదటి పది నిమిషాలు చాలా ప్రమాదకరం. ఆ ఊపులోనే విమానం టికెట్లు, హోటల్ అన్నీ బుక్ చేసేస్తాం, అదీ చవగ్గా వస్తున్నాయని రిఫండ్ లేనివే ఏరి మరీ. నేనూ అదే చేశాను. బయల్దేరడానికి రెండు రోజుల ముందు సింగర్ గొంతు దెబ్బతింది, డాక్టర్లు పాడొద్దన్నారు అని మెయిల్ వచ్చింది. షో టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వచ్చింది, దానికి మూడింతలున్న ప్రయాణం ఖర్చులో మాత్రం ఒక్క పైసా రాలేదు. అప్పటినుంచి షో జరగకపోవచ్చు అన్న లెక్కతోనే ప్లాన్ వేసుకుంటున్నాను.

హార్డ్ రాక్‌లో ఇది మరీ అరుదైన సంగతేం కాదు. ఆ గొంతులు దశాబ్దాల తరబడి అరిచి అరిచి ఉన్నవి. ఏరోస్మిత్ బ్యాండ్ 2023 సెప్టెంబరులో వీడ్కోలు టూర్ మొదలుపెట్టి మూడు షోలకే ఆపేసింది, సింగర్ స్టీవెన్ టైలర్ గొంతుకు తగిలిన గాయం పూర్తిగా మానకపోవడంతో 2024 ఆగస్టులో ఇక టూర్లే చేయమని ప్రకటించింది. 2016లో ఏసీ/డీసీ సింగర్ బ్రయన్ జాన్సన్‌కి ఇంకా స్టేజీ ఎక్కితే వినికిడి మొత్తం పోతుందని డాక్టర్లు చెప్పడంతో ఆయన టూర్ మధ్యలో తప్పుకున్నాడు, మిగతా షోలు గన్స్ అండ్ రోజెస్‌కి పాడే ఆక్సెల్ రోజ్ పాడాడు. అప్పటికి ఆక్సెల్ పాదం విరిగి ఉంది కాబట్టి మొదట్లో కుర్చీలో కూర్చునే పాడాడు, ఆ కుర్చీ కూడా అంతకుముందు ఏడాది కాలు విరగ్గొట్టుకున్న ఫూ ఫైటర్స్ సింగర్ డేవ్ గ్రోల్ దగ్గర అరువు తెచ్చుకున్నదే. కాబట్టి టికెట్ షరతుల్లో వాయిదా పడితే ఏమిటి, బ్యాండ్‌లో మనిషి మారితే ఏమిటి అన్న రెండు ముక్కలూ చదివాకే కార్డు బయటికి తీయండి.

డేట్ ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. టూర్ మొదటి షోకి వెళ్లాలని అందరికీ ఉంటుంది, నాకు మాత్రం అది నచ్చదు, సౌండ్ ఇంకా కుదరదు, లైట్లు తడబడతాయి, ఏ పాట తర్వాత ఏది అన్నది వాళ్లకే ఇంకా అలవాటు కాదు. నాలుగైదు షోలు అయ్యాక, ముందు రోజు ఖాళీ ఉన్న డేట్ చూడండి, సింగర్ గొంతుకి ఒక రాత్రి విశ్రాంతి దొరికి ఉంటుంది. అదే వారంలో రైల్లో వెళ్లగలిగే దూరంలో ఇంకో షో ఉంటే మరీ మంచిది, ఒకటి పోయినా ఇంకొకటి పట్టుకోవచ్చు. మెటాలికా 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన ఎమ్72 టూర్‌లో చాలా నగరాల్లో రెండేసి రాత్రులు వాయించింది, మొదటి రాత్రి వాయించిన పాట రెండో రాత్రి ఉండదు. ఇలాంటి టూర్‌కి ఒక్క రాత్రికే వెళ్తే, మీరు ప్రాణంగా చూసే పాట ఇంకో రాత్రికి పోవచ్చు. అందుకని ముందు పాటల వరస చూసుకోండి, సర్‌ప్రైజ్ పోతుంది నిజమే, కానీ అంత దూరం వెళ్లి దిగులుగా తిరిగి రావడం కంటే నయం.

వీసా కావాల్సినవాళ్లు ఆ పని తేలేదాకా రిఫండ్ లేనిది ఏదీ కొనకండి. యూరప్ షోలకి షెంగెన్ వీసా (అక్కడి చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) అయితే ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, కానీ ఎండాకాలం టూర్ సీజన్‌లో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి ఆ 15 రోజుల లెక్కని మర్చిపోండి. కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా అడుగుతారు. రెండు మూడు దేశాల్లో షోలు చూస్తుంటే, ఎక్కువ రోజులు ఉండే దేశానికి అప్లై చేయాలి. లండన్ షో కూడా కలిపేద్దాం అనుకుంటారు కొందరు, బ్రిటన్ షెంగెన్‌లో లేదు, దాని వీసా వేరు, ఖర్చు వేరు.

ఇక టికెట్లు. అమ్మకం మొదలయ్యే టైమ్ సాధారణంగా షో జరిగే ఊరి టైమ్, మీ ఊరిది కాదు. అక్కడ గడియారం గంట ముందుకి జరిపే నెలలయితే అదీ చూసుకోండి, నేను ఒకసారి గంట ఆలస్యంగా కూర్చుని ‘అయిపోయాయి’ అన్న పేజీని చూస్తూ ఉండిపోయాను. ఫ్యాన్ క్లబ్ సభ్యులకి ముందుగా అమ్ముతారు, నచ్చిన బ్యాండ్ అయితే ఆ చందా కట్టడం దండగ కాదు. దొరకలేదని వెంటనే బ్లాకులో కొనేయకండి. అధికారిక రీసేల్‌లో షో దగ్గరపడే కొద్దీ రానివాళ్ల టికెట్లు వచ్చి పడుతుంటాయి, రోజూ ఓసారి చూస్తూ ఉండండి. టికెట్ మీద పేరు ఉంటే పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా ఇవ్వండి. చాలాచోట్ల బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారిపోతుంటుంది, స్క్రీన్‌షాట్ పనికిరాదు. గేటు దగ్గర వేలమంది ఫోన్లతో నెట్ కూడా చచ్చిపోతుంది కాబట్టి హోటల్లో ఉండగానే టికెట్‌ని ఫోన్ వాలెట్‌లో వేసుకోండి.

ఎక్కడ నిలబడాలి? అందరూ స్టేజీ ముందుండే బారికేడ్ పట్టుకుని నిలబడాలంటారు. ఒకసారి నిలబడి చూశాను, సరదాగానే ఉంది కానీ మధ్యాహ్నం నుంచి ఆ చోటు వదల్లేం, బాత్రూమ్‌కి వెళ్తే తిరిగి రాలేం, వెనకనుంచి తోపులాట మొదలైతే ఛాతీ మీద బరువు తెలుస్తుంది. 1988లో ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్‌లో గన్స్ అండ్ రోజెస్ వాయిస్తుండగా జనం కిందామీదా పడి ఇద్దరు చనిపోయారు. చేతులు పైకెత్తి ఛాతీ ముందు పెట్టుకోవడానికి చోటు లేదంటే పక్కకి జరగాల్సిన టైమ్ అయిందన్నమాట, ఎదురు తోసుకుంటూ వెనక్కి కాదు, జనం కాస్త పలచగా ఉన్నప్పుడు ఏటవాలుగా పక్కకి. నా ఓటు సౌండ్ మిక్సర్ టేబుల్ ముందుకి. బ్యాండ్ సౌండ్ ఇంజినీరు అక్కడ కూర్చునే వింటూ సరిచేస్తాడు కాబట్టి గిటార్, డ్రమ్స్, గొంతు ఏదీ ఇంకోదాన్ని మింగేయదు, పైగా వెనకాల ఆ టేబుల్ చుట్టూ ఉన్న కంచె ఉంటుంది, మీద పడేవాళ్లు ఉండరు. స్టేజీ మధ్యలో ఉండే షో అయితే ఈ లెక్కంతా మారిపోతుంది, సీటింగ్ ప్లాన్ చూడకుండా కొనొద్దు.

చెవుల గురించి కాస్త ఓపిగ్గా వినండి. అమెరికాలో పని స్థలాల భద్రత మీద పరిశోధించే నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైమ్ సగానికి పడిపోతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. రాక్ షోలో 100 దాటడం మామూలు విషయం, అలాంటిది రెండు గంటలు నిలబడతారు. ఫోమ్ ప్లగ్స్ చాలు, కానీ చాలామంది వాటిని చెవి గుమ్మంలో ఆనించి వదిలేస్తారు. ప్లగ్‌ని వేళ్ల మధ్య పెట్టి అగరబత్తి పుల్లంత సన్నగా అయ్యేదాకా నలపండి. రెండో చేతిని తలమీదుగా తెచ్చి చెవి పైభాగం పట్టుకుని పైకి, వెనక్కి లాగండి, లోపలి దారి తిన్నగా అవుతుంది, అప్పుడు తోసి అర నిమిషం వేలితో అదిమి పట్టుకోండి. అది ఉబ్బుతూ ఉంటే చుట్టుపక్కల గోల మెల్లగా దూరం జరిగినట్టు అనిపిస్తుంది. అలా అనిపించలేదంటే సరిగా పడలేదు, తీసి మళ్లీ పెట్టండి. పాటలు మందంగా వినిపిస్తున్నాయని విసుగొస్తే సంగీతం కోసం చేసిన ప్లగ్స్ దొరుకుతాయి, కొంచెం ఖరీదెక్కువ. షో అయ్యాక మర్నాడు కూడా చెవిలో గుయ్ మంటుంటే ఊరుకోకుండా డాక్టరుకి చూపించండి.

షో రోజు బ్యాగు వద్దు. చాలా స్టేడియాలు ఏ4 కాగితం సైజుకి మించినది లోపలికి రానివ్వవు, లాకర్ల దగ్గర క్యూ చూస్తే ఏడుపొస్తుంది. టీషర్టు కావాలంటే గేట్లు తెరవగానే కొనండి, ఎల్, ఎక్స్‌ఎల్ సైజులే ముందు అయిపోతాయి. ఓపెనింగ్ బ్యాండ్‌ని వదిలేయకండి, నాకు ఇష్టమైన రెండు బ్యాండ్లు అలాగే పరిచయమయ్యాయి.

ఓపెన్ ఎయిర్ షోలకి ముగింపు టైమ్ కచ్చితంగా ఉంటుంది. 2012లో లండన్ హైడ్ పార్క్‌లో టైమ్ దాటిందని సింగర్లు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, పాల్ మెకార్ట్నీ స్టేజీ మీద ఉండగానే మైకులు ఆపేశారు. అలాగని చివరి రైలు మీకోసం ఆగుతుందని కాదు, స్టేడియం నుంచి స్టేషన్‌కి నడక పావుగంట అని మ్యాప్ చెప్తే, 60 వేలమందితో కలిసి అది గంట అవుతుంది. నడిచి వెళ్లగలిగే చోట హోటల్ తీసుకోవడం ఖరీదైనా కిట్టుబాటే. హోటల్ పేరు, అడ్రస్ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఎందుకంటే చివరి పాటని మొత్తం వీడియో తీస్తారు మీరు, తీయనని ఇప్పుడు అంటారు గానీ తీస్తారు, బయటికొచ్చేసరికి ఫోన్ చచ్చిపోయి ఉంటుంది.