అమెరికా క్యాంపస్‌లో మాట కలపడం – 4వ పాఠం: గ్రూప్ మీటింగ్‌లో మన వంతు

పోయిన పాఠంలో అర్థం కానిదాన్ని మొహమాటం లేకుండా మళ్లీ అడగడం నేర్చుకున్నాం. ఆ అభ్యాసం చేయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి, ఈ పాఠానికి అదే పునాది.

ఈసారి, ఎంఎస్‌కి వెళ్లిన మనవాళ్లను మొదటి సెమిస్టర్‌లో బాగా కుంగదీసే విషయం. గ్రూప్ ప్రాజెక్టు కోసం నలుగురు కూర్చుంటారు. అందులో ఇద్దరు అక్కడే పుట్టి పెరిగినవాళ్లు. చెప్పాల్సిన పాయింటు మీ దగ్గర ఉంటుంది. వాక్యం మనసులో కూర్చుకుని నోరు తెరిచేలోగా మాట డేటాబేస్ నుంచి డెడ్‌లైన్‌కి, అక్కడి నుంచి వీకెండ్‌కి వెళ్లిపోతుంది. గంటసేపట్లో మీరు అన్నదల్లా 'యా', 'ఓకే'. చివరికి స్లైడ్లు సర్దే పని మీకు మిగులుతుంది.

ఇంగ్లిష్ రాదని దిగులు పడకండి. ఐఈఎల్‌టీఎస్‌లో మంచి స్కోరు తెచ్చుకున్నవాళ్లకీ ఇదే జరుగుతుంది. ఆ పరీక్షలో స్పీకింగ్ రెండో భాగానికి ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు. మీటింగ్‌లో అదెవరిస్తారు? నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సైకోలింగ్విస్టిక్స్ సంస్థ పరిశోధకులు 10 భాషల్లో మాటల తీరు కొలిచి 2009లో ప్రచురించారు. ఒకరి ప్రశ్న ముగిశాక రెండోవారి జవాబు మొదలవడానికి పట్టిన సమయం సగటున 0.2 సెకను. కానీ ఒక బొమ్మ చూసి దాని పేరు పలకడానికే, అదీ సొంత భాషలో, దాదాపు 0.6 సెకను పడుతుంది. అంటే ఎదుటివాళ్ల మాట పూర్తవకముందే జవాబు సిద్ధమైపోతోంది. రెండో భాషలో మాట్లాడే మనం పూర్తి వాక్యం తయారయ్యేదాకా ఆగితే వంతు ఎప్పటికీ రాదు.

కాబట్టి ముందు వంతు తీసుకోండి, వాక్యం ఆ తర్వాత. ఇందుకు నోటికి అలవాటైన ఒక ఎత్తుగడ కావాలి: 'సో, అబౌట్ ద...' అని మొదలుపెట్టి విషయం పేరు చెప్పండి. డేటాబేస్ గురించి మాట్లాడుతూ ఎవరైనా 'లెట్స్ జస్ట్ పుట్ ఎవ్రీథింగ్ ఇన్ వన్ టేబుల్' (సమాచారమంతా ఒకే పట్టికలో పెట్టేద్దాం) అన్నారనుకోండి. వాళ్ల గొంతు కిందికి దిగుతుండగానే కాస్త ముందుకు వంగి, వినిపించేలా ఊపిరి తీసుకుని, 'సో, అబౌట్ ద టేబుల్...' అనండి. అందరూ మీవైపు చూస్తారు. ఆ రెండు సెకన్లలో మిగతాది కూర్చుకోవచ్చు: 'ఇఫ్ వన్ యూజర్ హ్యాస్ టూ అడ్రసెస్, ఇట్ వోంట్ వర్క్.' పొడవాటి వాక్యం అక్కర్లేదు.

మాట దాటిపోయినా ఫర్వాలేదు. 'కెన్ వీ గో బ్యాక్ టు ద టేబుల్ ఫర్ ఎ సెకండ్?' అని వెనక్కి తేవచ్చు. పెద్దవాళ్ల మాటకు అడ్డురాకూడదని పెరిగిన మనకు ఇది దురుసుగా అనిపిస్తుంది. అక్కడ ఇది మామూలు విషయం. పైగా మీరు ఊరుకుంటే ఒప్పుకున్నారనో, ఆసక్తి లేదనో వాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. మీటింగ్‌కి ముందురోజే ఏమేం మాట్లాడబోతున్నామో గ్రూప్ చాట్‌లో అడిగి పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇంకో మాట. నలుగురిలో ముగ్గురు తెలుగువాళ్లయితే ఈ కష్టం నాలుగో మనిషికి వస్తుంది. మనం తెలుగులోకి జారుకున్నప్పుడల్లా ఆ అమ్మాయో అబ్బాయో ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం గమనించే ఉంటారు. ఆ ఒంటరితనం ఎలా ఉంటుందో మనకు తెలుసు, తెలిసి కూడా అలా చేయడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. తెలుగులో ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే, వెంటనే దాన్ని ఇంగ్లిష్‌లో వాళ్లకు చెప్పండి.

ఈ వారం అభ్యాసం: ముగ్గురు నలుగురు మాట్లాడుకునే ఇంగ్లిష్ పాడ్‌కాస్ట్ ఒకటి రోజూ పది నిమిషాలు వినండి. పాజ్ చేయొద్దు. ఎవరి గొంతు దిగుతున్నట్టు అనిపించినా, రెండోవాళ్లు అందుకోకముందే 'సో, అబౌట్ ద...' అని పైకి అనండి. మొదట్లో వాళ్లే ముందుంటారు, వదలకండి. తర్వాత నిజమైన మీటింగ్‌లో మొదటి ఐదు నిమిషాల్లోపే ఏదో ఒకటి మాట్లాడండి, డెడ్‌లైన్ తేదీ అడిగినా చాలు. అరగంట మౌనం తర్వాత గొంతు పెగలడం చాలా కష్టం.

వచ్చే పాఠం ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్ గురించి, అంటే విద్యార్థులు వచ్చి కలవడానికి ప్రొఫెసర్ కేటాయించే వేళల గురించి. కోర్సు మొదట్లో మీకిచ్చే సిలబస్ కాగితం తీసి, ఆ వేళలు రాసి పెట్టుకుని రండి.