కరెంటు పోగానే ల్యాన్ తెగిపోతుంటే

నల్లగొండ మీసేవ కేంద్రమైనా, మిర్యాలగూడ రైస్‌మిల్లు ఆఫీసైనా రౌటర్ ఇన్వర్టర్ మీదనే ఉంటుంది. కరెంటు పోయినా ఫోన్లలో వైఫై నడుస్తుంది, వైరు (ల్యాన్) పెట్టిన ల్యాప్‌టాప్‌లో మాత్రం నెట్ ఆగుతుంది. నెట్ కనెక్షన్ ఇచ్చినాయనకు ఫోన్ చేసే ముందు ఒకటి చూడండి: చార్జర్ పీకితేనే తెగుతోందా? స్లీప్ నుంచి లేపాక రావట్లేదా? అయితే అది పవర్ సేవింగ్ పని, అంటే బ్యాటరీ పొదుపు కోసం ల్యాప్‌టాపే ల్యాన్‌ను ఆపేస్తోంది. వైరు కదిలిస్తే పోయి వస్తుంటే మాత్రం క్లిప్పు విరిగిందో, క్రింపింగ్ (వైరు చివర ప్లగ్గు బిగింపు) వదులైందో. అప్పుడు సెట్టింగులు ముట్టుకోవద్దు.

పవర్ సేవింగ్ పనే అయితే విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద రియల్‌టెక్ లేదా ఇంటెల్ ఈథర్‌నెట్ (వైరు నెట్) పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ‘అలౌ ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్ టు సేవ్ పవర్’ ముందున్న టిక్ తీసేయండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ట్యాబే కనబడకపోవచ్చు.

అసలు గొడవ ఎక్కువగా అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఉంటుంది. ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్, గ్రీన్ ఈథర్‌నెట్, పవర్ సేవింగ్ మోడ్, ఆటో డిజేబుల్ గిగాబిట్: వీటిలో ఉన్నవాటిని డిజేబుల్ చేయండి. మొదటిది 2010లో వచ్చిన 802.3ఏజెడ్ ప్రమాణం. డేటా లేనప్పుడు లింకును కునుకు తీయిస్తుంది. అటు వైరు రెండో కొసనున్న రౌటర్ లేదా నెట్‌వర్క్ స్విచ్, ఇటు ల్యాప్‌టాప్ ఒకే తీరుగా లేవకపోతే లింకు తెగుతుంది. ఓకే కొట్టగానే నెట్ కొన్ని సెకన్లు పోతుంది, అందుకే దరఖాస్తు అప్‌లోడ్ అవుతుండగా ఈ పని పెట్టుకోవద్దు.

తర్వాత కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ (ల్యాప్‌టాప్ లోపల ల్యాన్ చిప్‌ను కలిపే దారి) కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆన్ బ్యాటరీ, ప్లగ్‌డ్ ఇన్ రెండింటికీ ఆఫ్ చేయండి. బ్యాలెన్స్‌డ్ ప్లాన్ బ్యాటరీ మీద దీన్ని గరిష్ఠ పొదుపులో పెడుతుంది. చార్జర్ ఉంటే బాగుండి, పీకగానే తెగడానికి ఇదీ ఒక కారణం. ల్యాన్ పోర్టు లేక యూఎస్‌బీ కన్వర్టర్ వాడేవాళ్లు అక్కడే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపాలి.

మార్చాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యే ఏర్పాటు) ఉంటే మామూలు షట్‌డౌన్‌లో డ్రైవర్ (ల్యాన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పూర్తిగా కొత్తగా మొదలవదు. నెల రోజులు బాగుండి మళ్లీ మొదలైతే డ్రైవర్ అప్‌డేట్ వచ్చిందేమో చూడండి, దాంతో తీసేసిన టిక్ తిరిగి పడుతుంటుంది.