పాచికల పంచాయితీ ఇట్లా తెగింది

నల్లగొండలో మా ఐదుగురి ఆటకు దేవరకొండ కోటే రంగం. రూల్స్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని, పాచికలతో కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్‌వి, కథ మాత్రం రేచర్ల పద్మనాయకుల కాలంది. పాత్రలు తయారుచేసుకునేటప్పుడే లొల్లి మొదలైంది. పాత్రకు బలం, తెలివి లాంటి ఆరు గుణాలుంటాయి. ఒక్కోదాని అంకె కోసం ఆరు ముఖాల పాచికలు నాలుగు వేసి, చిన్నది తీసేసి, మిగతా మూడు కూడాలి. ఒకతనికి 18, 17 పడ్డాయి. మా బావమరిదికి 13 దాటలేదు. "నేను కోట బయట గొర్లు కాస్తతియ్ బావా" అన్నాడు.

27 పాయింట్లతో అంకెలు కొనుక్కునే పద్ధతి ఉంది. అందరికీ సమానమే గానీ పాచిక వేసే మజా ఉండదు. అందుకే ఒక్కొక్కరికి పడ్డ ఆరు అంకెల వరసలన్నీ ఒకే కాగితం మీద రాశాం. ఎవరైనా ఏ వరసైనా తీసుకోవచ్చు, ఇద్దరు ఒకటే తీసుకున్నా సరే. 18 ఉన్న వరసలో 6 కూడా ఉంది, కాబట్టి అందరూ దానిమీద ఎగబడలేదు. బావమరిది మాత్రం అదే పట్టుకుని, 6ను తెలివికి పెట్టాడు. నేనేం అనలేదు.

ఇక ఆటలో పని అవుతుందో లేదో చూసే ఇరవై ముఖాల పాచిక మీద 20 పడితే ఏ పనైనా అయిపోవాలని వాళ్ల పట్టు. అసలు రూల్‌లో అది దాడికీ, చావు అంచున వేసే పాచికకే. నిట్టనిలువు గోడకైతే 20 పడితే సగందాకా పట్టు దొరుకుతుందని మా రూల్ పెట్టాను. కాస్త గొణిగి ఒప్పుకున్నారు.