ఫెలోషిప్ ఇంటర్వ్యూకి తయారీ: మీరు పంపిన దరఖాస్తే ప్రశ్నపత్రం

ఇంటర్వ్యూ పిలుపు రాగానే చాలామంది కరెంట్ అఫైర్స్ పుస్తకం కొనుక్కుని కూర్చుంటారు. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ప్యానెల్ వాళ్ల బల్లమీద ఉండేది మీ దరఖాస్తు. అందులో మీరు రాసిన వ్యాసాలు, చేశామని చెప్పిన పనులు, మార్కులు ఉంటాయి. ప్రశ్నల్లో ఎక్కువ భాగం అక్కడినుంచే వస్తాయి. అందుకని ముందుగా దరఖాస్తు కాపీ ప్రింటు తీయించండి. సబ్మిట్ కొట్టిన రోజే పీడీఎఫ్ దాచుకోవాలి. గడువు అయ్యాక పోర్టల్ తెరుచుకోకపోతే, ఏం రాశామో గుర్తు తెచ్చుకుంటూ ఇంటర్వ్యూకి వెళ్లాల్సి వస్తుంది.

ప్రింటు చేతికొచ్చాక పెన్సిలు పట్టుకుని ప్రతి వాక్యం దగ్గరా ఆగండి. పక్కన మూడు ప్రశ్నలు వేసుకోండి: నాకెలా తెలుసు? ఎంత? ఎందుకలా జరుగుతోంది? మూడింటికీ జవాబు లేని వాక్యం మీద గుండ్రం చుట్టండి. మీరు చదవాల్సిన సిలబస్ ఆ గుండ్రాలే.

గోదావరి డెల్టా పిల్లల దరఖాస్తుల్లో తరచూ కనిపించే ఒక వాక్యం తీసుకుందాం: "మా ప్రాంతంలో కౌలు రైతుల కష్టాలు దగ్గరగా చూశాను." చదవడానికి బానే ఉంది. ప్యానెల్ దీన్ని ఎలా విప్పుతుందో చూడండి. మీ ఊళ్లో ఎకరా కౌలు ఎంత? బస్తాల్లో ఇస్తారా, డబ్బుగానా? సార్వాకీ (వానాకాలం పంట) దాళ్వాకీ (రెండో పంట) కలిపి మాట్లాడుకుంటారా, విడివిడిగానా? కోతల ముందు తుఫానొచ్చి చేను పడిపోతే కౌలు తగ్గుతుందా? నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడుతుంది? ఇక్కడిదాకా ఊళ్లో నాలుగు మాటలు విన్నవాళ్లెవరైనా చెప్పగలరు. తరవాతి ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు: చట్టం ఉంది కదా, మరి కౌలు కార్డు ఎందుకు తీసుకోరు?

దీనికి జవాబు కావాలంటే రెండు సంగతులు తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి సాగుదారుల చట్టం స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చే కార్డు 11 నెలలే చెల్లుతుంది, దానికి భూమి యజమాని ఒప్పుకోలు కావాలి. హక్కు పంట మీదే తప్ప భూమి మీద కాదని చట్టం చెప్తున్నా, కాగితం మీద సంతకం పెడితే రేపు పొలం చేజారుతుందేమోనని యజమానికి భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇచ్చేస్తాడని కౌలుదారుకి భయం. ఈ రెండు భయాలూ చెప్పగలిగితే మీరు సమస్యను చూసినట్టు ప్యానెల్‌కి నమ్మకం కుదురుతుంది. ఆ తరవాత "మీరైతే ఏం చేస్తారు?" అంటారు. దయచేసి యాప్ అనకండి. "యజమాని సంతకం పెట్టనంటే మీ యాప్ ఏం చేస్తుంది?" అన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. ఒక్క గ్రామంలో మొదటి మూడు నెలల్లో చేయగలిగిన చిన్న పని చెప్పండి. ఉదాహరణకి, సంతకం పెట్టిన యజమానులెవరో, ఎందుకు పెట్టారో ముందు తెలుసుకోవడం.

ఈ వివరాలు ఇంటర్నెట్‌లో వెతక్కండి. ఇద్దరు కౌలు రైతులతో, ఒక భూస్వామితో మాట్లాడండి. రైతు సేవా కేంద్రానికి, సహకార సంఘానికి ఒకసారి వెళ్లి రండి. ప్రతి అంకె పక్కనా ఊరి పేరు, తేదీ రాసుకోండి. "ఇది మా ఊళ్లో, ఈ ఏడు దాళ్వాలో విన్నది. జిల్లా అంతటా ఇంతే అనలేను" అన్న ఒక్క మాటతో మీ జవాబుకి బలం వస్తుంది.

కొలతలు మార్చి చెప్పడం కూడా ఇప్పుడే సాధన చేయాలి. గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. ఢిల్లీలోనో బెంగళూరులోనో కూర్చున్నవాళ్లకి ఆ లెక్క తెలియదు. ఎకరాకి 40 బస్తాలంటే 3 టన్నులు, హెక్టారుకి దాదాపు 7.4 టన్నులు. సెంటు అంటే ఎకరంలో నూరో వంతు. రొయ్యల గురించి రాసుంటే, 100 కౌంట్ అంటే కిలోకి వంద రొయ్యలని, కౌంట్ అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దదని, ధర పెరుగుతుందని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా ఎందుకు తిప్పాలో కూడా అడగొచ్చు. చీకటిపడ్డాక నాచు ఆక్సిజన్ ఇవ్వడం ఆపేస్తుంది, చెరువులో ప్రాణులన్నీ దాన్ని వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుక్కి పడుతుంది.

డెల్టా నుంచి వచ్చినవాళ్లకి తప్పనిసరిగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మీది మూడు కాలాలూ నీళ్లుండే ప్రాంతం, అక్కడ పేదరికం ఏముంది?" దీనికి ధవళేశ్వరం ఆనకట్ట చరిత్ర ఒప్పజెప్పకూడదు. దాన్ని కట్టించిన కాటన్ గురించి ప్యానెల్‌కీ తెలుసు. కాలువ మొదట్లో ఉన్న పొలానికీ శివారు పొలానికీ తేడా చెప్పండి. మురుగు కాలువలు పూడుకుపోయి వానొస్తే చేలో నీళ్లు దిగని ఊళ్ల గురించి చెప్పండి. భూమి లేనివాళ్లకి ఏడాదిలో ఏ నెలల్లో పనులుండవో చెప్పండి. మీరు ఏ ఊరి గురించి మాట్లాడగలరో ఆ ఊరి పేరుతో చెప్పండి.

దీని వెంటే ఇంకోటి వస్తుంది: "ఇలాంటి చోట పెరిగారు, జార్ఖండ్‌లో గిరిజన గ్రామానికి పంపిస్తే ఉండగలరా?" ఎక్కడైనా ఉంటానండీ అనడం తేలిక, అందుకే దానికి విలువ లేదు. హిందీ ఎంతవరకు వచ్చు, ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా, ఇంతకు ముందు ఇంటికి దూరంగా ఎంతకాలం ఉన్నారు, ఇంట్లోవాళ్లకి చెప్పారా అన్నవాటికి నిజమైన జవాబులు సిద్ధం చేసుకోండి. ముఖ్యంగా ఆడపిల్లలు ఇంట్లో ఈ మాట ఇంటర్వ్యూకి ముందే తేల్చుకోవాలి. ఎంపికయ్యాక "నాన్నగారు వద్దంటున్నారు" అని మానుకుంటే ఆ సీటు ఇంకొకరికి అందకుండా పోవచ్చు.

ఏ ఫెలోషిప్ ఏం వెతుకుతుందో కూడా చూసుకోవాలి. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలలు గ్రామంలో ఉండి పనిచేసేది. అక్కడ ఓపిక, ఒంటరిగా నెగ్గుకురావడం చూస్తారు. టీచ్ ఫర్ ఇండియా రెండేళ్లు తరగతి గదిలో ఉండేది. చిన్న పాఠం చెప్పి చూపించమంటారు కాబట్టి అయిదు నిమిషాల్లో ఒకే ఒక్క విషయం నేర్పేలా పాఠం తయారుచేసుకోండి. అయిదు నిమిషాల్లో భిన్నాలన్నీ చెప్పబోతే ఏదీ మిగలదు, సగం అంటే ఏమిటో చెప్తే చాలు. పార్లమెంటు సభ్యులతో పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్‌కైతే ఒక బిల్లుని మీరే చదివి, రెండు వైపుల వాదనా చెప్పగలగాలి.

పరిశోధన ఫెలోషిప్‌ల సంగతి వేరు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెట్ లాంటి జాతీయ పరీక్షతోనే వస్తుంది. ఇంటర్వ్యూ ఉండేది విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ ప్రవేశానికి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2024 మార్చి ప్రకటన ప్రకారం, జేఆర్ఎఫ్ రాకుండా నెట్‌తో పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకి నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. అక్కడ ఆశయాలు ఎవరూ అడగరు, పద్ధతి అడుగుతారు.

ఉదాహరణకి, కోనసీమలో సఖినేటిపల్లి వైపు వరిచేలల్లో ఉప్పు పెరగడం మీద పని చేస్తానన్నారనుకోండి. మట్టి ఏ లోతునుంచి తీస్తారు, ఏ నెలలో తీస్తారు, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడా లేక సార్వా ఊడ్పుల ముందా, రొయ్యల చెరువుకి ఎంత దూరంలో, పోల్చడానికి చెరువుల్లేని చేను ఎక్కడ చూస్తారు అని వరసగా వస్తాయి. వరి దిగుబడి తగ్గడం మొదలయ్యే ఉప్పు హద్దు మీటరుకి 3 డెసీసీమెన్స్ (ద్రావణంలో విద్యుత్తు ఎంత పారుతుందో చెప్పే కొలత) అని చాలామంది చెప్పేస్తారు. "అది ఏ పద్ధతిలో కొలిచిన అంకె?" అంటే మౌనం. ఆ హద్దు సంతృప్త మట్టి ముద్దనుంచి తీసిన ద్రావణానిది. ఒక వంతు మట్టికి రెండు వంతులో అయిదు వంతులో నీళ్లు కలిపి, ఉప్పు కొలిచే మీటరు ముంచితే పలచబడి తక్కువ అంకె వస్తుంది, దాన్ని ఆ 3తో నేరుగా పోల్చకూడదు. ఇలాంటి ఒక్క వివరం తెలిసుంటే మీరు ల్యాబ్‌లో నిలబడి పనిచేశారని అర్థమవుతుంది. పథకం మొత్తం ఒక్క పేజీలో పెట్టుకుని వెళ్లండి: ప్రశ్న, చోటు, నమూనాలు, కొలిచే తీరు, ఖర్చు, అనుకున్నది కాకపోతే ఏం చేస్తారు.

ఇక "మీ గురించి చెప్పండి." నిమిషం, మహా అయితే నిమిషంన్నర. నాన్నగారి ఉద్యోగం, హాబీలు, బలాలు, బలహీనతలు అంటూ పాత బయోడేటా చదవొద్దు. ఏం చదివారు, ఏ ఒక్క పని చేశారు, అందులో ఏం తెలిసింది, అది ఈ ఫెలోషిప్ దగ్గరికి ఎలా తెచ్చింది, ఈ నాలుగూ చాలు. ఇంగ్లీషులో అయితే 130 నుంచి 150 మాటలు. బట్టీ పట్టకండి. నాలుగు ముక్కల వరస గుర్తుంచుకుని, ప్రతిసారీ వేరే మాటల్లో చెప్పి చూడండి. కాలేజీలో చేసిన పనుల గురించి "మేం చేశాం, మేం చేశాం" అంటూ పోతే మీరేం చేశారో ప్యానెల్‌కి అంతు చిక్కదు. జట్టు పని చెప్పి, అందులో మీ వంతు విడిగా చెప్పండి.

తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లీషు గురించి పడే బెంగలో సగం అక్కర్లేదు. వాక్యాలు పొట్టిగా ఉంచండి, అంకెలు స్పష్టంగా పలకండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, ఊహించి జవాబు చెప్తే దారి తప్పుతారు. మన గోదావరి మాటలో ప్రతి వాక్యం చివరా 'అండి' ఉంటుంది కదా, ఇంగ్లీషులో అదే 'సర్' అయిపోతుంది. రికార్డు చేసి వింటే నిమిషానికి ఎన్నిసార్లంటున్నారో తెలుస్తుంది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అంటే మర్యాదకి లోటేం లేదు. తెలియనిది తెలియదనడానికి కూడా ఒక పద్ధతుంది: "ఈ అంకె నాకు తెలియదు, కానీ దీన్ని ఫలానా చోట చూస్తాను" అని ఆపెయ్యండి. క్షమాపణలు వద్దు.

మాక్ ఇంటర్వ్యూలు మూడు చాలు. ఒకటి మీ విషయం బాగా తెలిసినవాళ్లతో, ఒకటి మీ ప్రాంతం అసలు తెలియనివాళ్లతో, ఒకటి నిజమైన సమయానికి, నిజమైన బట్టల్లో. ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు తప్ప తప్పు చెప్పరు, వాళ్లని మినహాయించండి.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే గది ముందే ఎంచుకోండి. కిటికీ మీ ముందుండాలి, వీపు వెనక కాదు. ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పెట్టి కెమెరా కళ్ల ఎత్తుకి తెండి. ఫ్యాన్ శబ్దం మైకులో తుఫానులా వినిపిస్తుంది కాబట్టి వైరున్న ఇయర్‌ఫోన్లు వాడండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ రౌటర్ ఆగిపోతుంది. ఇన్వర్టర్‌కో చిన్న రౌటర్ యూపీఎస్‌కో కలపండి, వేరే కంపెనీ సిమ్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. కార్తీకమాసంలోనో పెళ్లిళ్ల సీజన్‌లోనో వీధిలో మైకులుంటే పట్నంలో స్నేహితుడి గది అడగడం నయం. లైను తెగి మళ్లీ కలిస్తే ఒక్క మాట చెప్పి, ఆపిన చోటినుంచే కొనసాగించండి.

హైదరాబాదు వెళ్లాల్సొస్తే ఒక రోజు ముందే చేరండి. కాకినాడ నుంచి గౌతమి, నరసాపురం నుంచి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. అమలాపురం వైపు రైలు లేదు కాబట్టి రాజమండ్రి దాకా బస్సు సమయం కలుపుకోండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త ఉంటే ఇంకో రోజు ముందుకి జరపండి.

సర్టిఫికెట్ల దగ్గర మనవాళ్లకి మూడు చిక్కులొస్తాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. తేడా ఉంటే ఏది మార్చాలో పిలుపు రాకముందే చూసుకోండి. రాష్ట్రం ఇచ్చే బీసీ కుల ధ్రువీకరణ కేంద్ర సంస్థలకి సరిపోదు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కేంద్ర నమూనాలో విడిగా తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఏ ఆర్థిక సంవత్సరానిదో చూడండి, పాతది చెల్లదు. సచివాలయంలో దరఖాస్తు పెట్టినా తహసీల్దారు సంతకమయ్యేదాకా రోజులు పడతాయి. మూడోది జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత పత్రాల్లో తూర్పుగోదావరి అని, కొత్తవాటిలో కోనసీమ అనో కాకినాడ అనో ఉంటుంది. బయటి రాష్ట్రం అధికారి అడిగితే కంగారు పడకుండా ఆ తేదీ చెప్పండి. దరఖాస్తులో ఏ జిల్లా పేరు రాశారో నోటితోనూ అదే చెప్పండి.